యామిని పట్టీ

యూనివర్సిటీలో ప్రతి విద్యార్థి చేతికీ మనసును కనిపెట్టే పట్టీ ఉంటుంది. దిగులు ముదిరితే అది ఎర్రబడి కౌన్సెలర్‌ని పిలుస్తుంది. ఆ పిలుపు తప్పించుకోవడానికి యామిని పరీక్షలప్పుడు తన పట్టీ విప్పి, హాస్టల్లో వండే నా చేతికి కడుతుంది.

"చపాతీలు ఒత్తే చేతికి దిగులేముంటుంది మామ్మా!" అని నవ్వుతుంది.

ఈవేళ పట్టీ కడుతూ నవ్వలేదు. "వెళ్ళొస్తా" అనకుండా "వెళ్తున్నా మామ్మా" అని గదికి పోయింది. నన్ను విడిచి తిరిగిరాని వాళ్ళందరూ అలాగే అన్నారు.

మధ్యాహ్నం భోజనానికి దిగలేదు. నా చేతి మీద పట్టీ ఎర్రబడింది.

"యామినీ, ఏమైందమ్మా?" అంది అందులోంచి కౌన్సెలర్.

"నేను వంటమనిషిని! ఆ పిల్ల గదికి పరుగెత్తండి!"

కౌన్సెలరూ నేనూ వెళ్ళి తలుపు బాదాం. యామిని తీసింది. పిల్ల కనబడగానే నా చేతి మీద పట్టీ ఎరుపు చల్లారింది. విప్పి పిల్ల చేతికి కట్టాను.

భగ్గున ఎర్రబడింది.