చిన్నపడవ కట్లు

ఆదివారం పొద్దున కొసాకు వచ్చి గుడ్డ తొలగించేసరికి, తాను చేస్తున్న చెక్క నమూనా ఓడ మీది చిన్నపడవ కట్లు మళ్ళీ విప్పి ఉన్నాయి.

"తొకుదా! ఇవెవరు విప్పార్రా?"

రేవు సంఘం హాల్లో, పక్క బల్ల మీద అరచేయంత తెరచాపకు ఇస్త్రీ చేసుకుంటున్న మంగలి తొకుదా తలెత్తలేదు.

"నన్నడుగుతావేం? నా ఓడకి ఇంకా చుక్కానే రాలేదు. నీ ఓడ జోలికొచ్చే తీరిక నాకెక్కడిది?"

"మరెవరు?"

తొకుదా గడ్డంతో కిటికీ వైపు చూపించాడు.

అక్కడ ఆ ముసలాయన కూర్చుని ఉన్నాడు. కొన్నాళ్ళుగా ప్రతి ఆదివారం అవతలి ఒడ్డు నుంచి మొదటి లాంచీలో వస్తున్నాడు. పేరు చెప్పడు. టీ ఇస్తే తాగుతాడు. కొసాకు ఓడనే చూస్తూ కూర్చుంటాడు.

కొసాకు పట్టకారు తీసుకుని ఆ దారాలు మళ్ళీ కట్టాడు.

ఆ ఓడ పేరు ఫుకుజు మారు. అసలు ఓడను నడిపిన సరంగు కొసాకు తండ్రి.

కొసాకు ఇంకా తల్లి ఒళ్ళో ఉండగానే అది తుఫానులో మునిగింది. ఎవ్వరూ తిరిగి రాలేదు. ఆపదలో దిగడానికి ఓడ మీద కట్టి ఉంచే చిన్నపడవ ఒక్కటే, ఖాళీగా, ఒక దీవి ఒడ్డున కనబడింది.

ఆ ఖాళీ పడవను చూసి ఊరు ఒక మాట అనుకుంది.

సరంగు తనవాళ్ళను ముంచి, పడవ తీసుకుని పారిపోయాడు. ఎక్కడో బతికే ఉంటాడు.

రేవులో పోయినవాళ్ళ పేర్లు రాతి మీద చెక్కినప్పుడు ఆయన పేరు చెక్కలేదు.

కొసాకు తల్లి చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళ మధ్య తలెత్తకుండానే బతికింది. పోయే ముందు కూడా ఒక్కటే అడిగింది.

"మీ నాన్న అలాంటివాడు కాదు కదరా?"

కొసాకు ఏం చెప్పగలడు? తండ్రి ముఖమే అతనికి గుర్తు లేదు.

ఆమె పోయాక దేవదారు చెక్క తెచ్చి ఓడ మొదలుపెట్టాడు. తుఫాను వచ్చిన తేదీకి దాన్ని ఓడలను కాచే కొంపిరా దేవుడి గుడిలో సమర్పించాలి. చిన్నపడవ దాని చోట అది ఉండాలి. గట్టిగా కట్టి ఉండాలి. ఊరంతా చూడాలి.

తరువాతి ఆదివారం కొసాకు కావాలనే తొందరగా వచ్చాడు.

ముసలాయన ఓడ మీదికి వంగి ఉన్నాడు. చిన్నపడవ ముడి విప్పుతున్నాడు.

"ఏం పెద్దాయనా, ఆటగా ఉందా?"

ముసలాయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది... కట్టి ఉండకూడదు, బాబూ."

"ఎందుకుండకూడదు?"

ముసలాయన పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"నేను చెప్పనా? మీవాళ్ళెవరో ఆ ఓడలో పోయుంటారు. మా నాన్న పడవ విప్పుకుని పారిపోయాడని నాకు గుర్తుచెయ్యడానికి పనిగట్టుకొస్తున్నారు. పుట్టిన దగ్గర్నుంచీ వింటూనే ఉన్నాను. మా అమ్మ చచ్చేదాకా వింది. ఇంకా చాల్లేదా మీకు?"

"కాదు బాబూ, నేను..."

"మాట్లాడకండి!"

ఇలాంటి ఓడలు చేసేవాళ్ళు ముడి జారకుండా దాని మీద ఒక చుక్క జిగురు వేస్తారు. చిన్నపడవ ముడులకు చివర్లో వేద్దామని కొసాకు ఆగాడు. ఇప్పుడు సీసా తీసి, ఆయన కళ్ళెదుటే ప్రతి ముడి మీదా వేశాడు.

"ఇప్పుడు విప్పండి చూద్దాం."

ముసలాయన ఆ జిగురు ఆరేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ తరువాత ఓడకు నడుము వంచి నమస్కరించి వెళ్ళిపోయాడు.

అప్పుడే వచ్చిన తొకుదా గుమ్మంలో ఆయనకు దారి ఇచ్చాడు.

"అంత మాటెందుకురా? పాపం, మతి సరిగా లేదేమో."

"మతిలేనివాడు ప్రతివారం ఆ ముడే వెతుక్కుంటాడా?"



ముసలాయన మళ్ళీ రాలేదు.

సమర్పణ రోజు ఇద్దరూ ఓడను మోసుకుంటూ గుడి మెట్లెక్కారు.

"మెల్లగా ఎక్కరా. నా నడుము ఫుకుజు మారు కంటే పాతది," అన్నాడు తొకుదా రొప్పుతూ.

పై మెట్టు మీద నల్లబట్టల్లో ఒకామె ఎదురుచూస్తోంది.

"ఫుకుజు మారు సరంగు గారి అబ్బాయి మీరేనా అండీ?"

'గారు' అన్న మాటకు కొసాకు ఆగిపోయాడు. ఈ ఊళ్ళో తన తండ్రిని ఎవరూ అలా అనలేదు.

"మా నాన్న మీ హాలుకి వచ్చేవారు. కిటికీ దగ్గర కూర్చునేవారట. పోయిన వారం పోయారండీ."

ఇద్దరూ ఓడను మెట్టు మీద దించారు.

"నేనాయన్ని... చాలా మాటలన్నాను."

"మిమ్మల్నేమీ తప్పు పట్టలేదండీ. ప్రతి ఆదివారం 'ఇవాళ చెప్పేస్తాను' అని బయల్దేరేవారు. సాయంత్రం 'ఇవాళా నోరు పెగల్లేదమ్మా' అంటూ వచ్చేవారు. ఇన్నేళ్ళూ సిగ్గుతో ఈ రేవు ముఖం చూడనివారు, అసలు మీ అమ్మగారికి చెప్పాలనే మొదట ఈ ఊరొచ్చారు. ఆవిడ చలికాలంలోనే పోయారని లాంచీ దిగాక తెలిసిందట."

గుడి లోపల గంట మోగింది. అమ్మ ఈ గంట కింద ఎన్నేళ్ళు నిలబడిందో! అన్నీ తెలిసిన దేవుడు ఆమెకు ఒక్కమాట చేరవేసి ఉంటే ఏం పోయేది?

"ఏం చెప్పాలని?" అన్నాడు కొసాకు.

ఆమె తలదించుకుంది.

"ఆ తుఫానులో మీ నాన్నగారు చిన్నపడవ కట్లు విప్పి, 'నువ్వు ముందెక్కు, మేం వెనకే వస్తాం' అని తోసి ఎక్కించిన వంటవాడు మా నాన్నేనండీ."