ఉప్పులేని పులుసు

పులుసు గిన్నె ఆస్పత్రి మంచం పక్కన పెట్టి పాస్టరు దోత్సే వరండా మలుపు తిరిగాడో లేదో, జోకొటో మూత తీసి, వేలి కొస ముంచి నాలుక్కి రాసుకుని, వెంటనే ఉమ్మేశాడు. ఉప్పు లేదు.

అనుమానం అక్కడ మొదలైంది. మందు పెట్టిన కూరలో ఉప్పు పడితే మందు విరిగిపోతుందని వోల్టా ఏటి ఒడ్డున పాకే పిల్లలకు కూడా తెలుసు. పైగా చేపను ముల్లన్నది లేకుండా మెత్తగా చిదిపి పెట్టాడు. కొబ్బరికాయ పీచు పళ్లతోనే ఒలుస్తానని ఊరంతా చెప్పుకునే జోకొటోకు చేప చిదిపి పెట్టడమేమిటి, అందులో ఏదో దాచడానికి కాకపోతే?

పాస్టరుకు పగ ఉండక ఏం చేస్తుంది? ఏళ్ల తరబడి సంఘాన్ని నడిపిన మనిషి. కోతపండగ నాడు వేదిక ఎక్కకుండా ఆస్పత్రిలో ఎవడో రోగి పక్కన కూర్చున్నాడని, సంఘ పెద్దగా జోకొటోనే పదిమంది చేత చేతులెత్తించి ఆయన్ని దింపేశాడు. రోగులంటే అంత ముద్దైతే అక్కడే ఉండమని ఎత్తిపొడిచాడు కూడా. ఆయన నిజంగానే వెళ్లి ఆస్పత్రి పాస్టరయ్యాడు. ఇప్పుడు జోకొటో తుంటి విరిగి, సరిగ్గా ఆయన చేతికే చిక్కాడు.

పక్క మంచం మీద కల్లు తీసే అగ్బెకో. బోసినోటి ముసలాడు, కాళ్లు వాచి గుమ్మడికాయలయ్యాయి. కూడు తెచ్చే నా అన్నవాళ్లు లేరు. వాళ్లనీ వీళ్లనీ అడిగి ఉప్పు పట్టిన ఎండుచేప నమలబోయి రోజూ నర్సు చేత చివాట్లు తింటాడు. పాస్టరు కనబడితే మాత్రం గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఒకప్పుడు దోత్సే వేదిక మీంచి కల్లు సైతాను పాలని తిట్టిన రోజున, ఆ చేతి మంచినీళ్లు కూడా ముట్టనని ఒట్టేసుకున్నాడు.

జోకొటోకు ఉపాయం తట్టింది. మందు ఎవరి పేరు మీద పెడితే వాళ్లకే తగులుతుంది, పక్కవాణ్ణి ఏమీ చెయ్యదు. గిన్నె అటు జరిపాడు.

“తింటావా తాతా? పాస్టరు తెచ్చిందే.”

అగ్బెకో గిన్నెకేసి చాలాసేపు చూశాడు. “ఇస్తోంది నువ్వేగా. నేను ఒట్టు పెట్టుకున్నది ఆయన చేతి మీద గానీ చేప మీద కాదు.”

ఇక రోజూ అదే తంతు. ఖాళీ గిన్నె తీసుకెళుతూ పులుసు ఎలా ఉందని దోత్సే అడిగేవాడు. దివ్యంగా ఉందని జోకొటో చెప్పేవాడు. పాస్టరు నవ్వేవాడు. ఆ నవ్వు తన మొహం మీద నిలవకుండా పక్కకు జారిపోయేది. కళ్లలోకి చూడలేనివాడి నవ్వు అంతేనని జోకొటో అనుకునేవాడు.

జోకొటో ఇంటికెళ్లే రోజు వచ్చింది. అగ్బెకో వాపు దిగిన కాళ్లతో వరండాలో పచార్లు చేస్తున్నాడు. ఇక దాచడం దేనికని జోకొటో చేతికర్ర మీద ఆనుకుని, గొంతు సవరించుకున్నాడు.

“పాస్టరు గారూ, మీ పులుసు నేను ఒక్క పూట తినలేదు. అంతా ఆ ముసలాడి కడుపులోకే పోయింది. మీ ఎత్తు పారలేదు.”

“తెలుసు.”

“తెలిసీ రోజూ నాకే ఎందుకిచ్చారు?”

దోత్సే నవ్వు మళ్లీ పక్కకు, వరండా వైపు జారింది.

“ఇంకెవరికిచ్చినా వాళ్లే తినేసేవారు, పెద్దాయనా.”