రేడియో సౌండ్ తగ్గించండి

ప్రమోద్ దొంగతనానికి వెళ్లే ముందు తప్పకుండా రేడియో వింటాడు.

ప్రతి మంగళవారం పదకొండు నుంచి పన్నెండు వరకు 'నగరం మాట'. వర్తమాన విషయాలపై ఒక నిపుణుడి ప్రసంగం, ఆ తర్వాత శ్రోతల ఫోన్లు. అంతా ప్రత్యక్ష ప్రసారం. అతిథి ఎవరో ముందు రోజే చెప్పేస్తారు. అతని గొంతు రేడియోలో వినిపిస్తోందంటే మనిషి స్టూడియోలో ఉన్నట్టు. స్టూడియోలో ఉన్నాడంటే ఇంట్లో లేనట్టు. ఇంత పక్కా సమాచారం గంటసేపు ఆపకుండా ఇచ్చేవాళ్లు ప్రమోద్‌కు ఇంకెక్కడా దొరకలేదు.

ద్రవ్యోల్బణం మీద మాట్లాడిన ప్రొఫెసర్ ఇంట్లో గొలుసులు దొరికాయి. భూగర్భ జలాల నిపుణుడి ఇంట్లో వెండి కంచాలు. విద్యుత్ సంక్షోభం గురించి బాధపడిన ఇంజనీరు ఇంట్లో లాప్‌టాప్, ఛార్జర్‌తో సహా. పోలీసులకు ఒక్క ఆధారమూ చిక్కలేదు. ప్రమోద్‌కు మాత్రం లోకజ్ఞానం కూడా పెరిగింది.

ఈ వారం అంశం 'పట్టపగటి దొంగతనాలు'. అతిథి రిటైర్డ్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్ సిద్ధిరాములు. పంజాగుట్టలో రెండో అంతస్తు ఫ్లాట్.

పట్టుబడితే పాత కేసులన్నీ కలిసి మీద పడతాయి, ఏళ్ల తరబడి జైలే. అయినా దొంగల మీద ఉపన్యాసం ఇచ్చే పోలీసు ఇంట్లో, ఆ ఉపన్యాసం నడుస్తుండగానే దొంగతనం! ప్రమోద్ ఆగలేకపోయాడు.

పావు తక్కువ పదకొండుకు నీళ్ల క్యాన్ పట్టుకుని అపార్ట్‌మెంట్ గేటు పక్కన నిలబడ్డాడు. సిద్ధిరాములు భార్య చంద్రావతి ఫ్లాటుకు తాళం వేసి కిందికి వచ్చింది.

"కమలాకర్, జర చూడు," అంది వాచ్‌మన్‌తో. "పన్నెండు దాంక మా బెల్ ఎవ్వర్నీ కొట్టనియ్యకు. ఇంట్ల ఎవరూ లేరని చెప్పు."

"సార్ సుత లేడా అమ్మా?"

"సార్ రేడియోల ఉన్నడు," అంది ఆమె గర్వంగా, ఆటో ఎక్కుతూ.

పదకొండు కొట్టగానే ప్రమోద్ జేబులోని చిన్న రేడియో మాట్లాడింది. "మన స్టూడియోకు విచ్చేసిన సిద్ధిరాములు గారికి స్వాగతం," అంది యాంకర్ హైందవి. ఏళ్ల తరబడి ప్రతి వారం చదివే వాక్యమే. సిద్ధిరాములు గొంతు మాత్రం నూతిలోంచి వచ్చినట్టుంది. స్టూడియో మైకు పాతదైపోయి ఉంటుందనుకున్నాడు ప్రమోద్.

ప్రసంగం అయ్యాక, ఎప్పటిలాగే ప్రసారం ప్రత్యక్షమేనా అని చూసుకోవడానికి ఫోన్ కొట్టి, దొంగపేరు చెప్పాడు.

"అమీర్‌పేట నుంచి శ్రవణ్ మేడమ్. మైత్రీవనంల కోచింగ్ తీసుకుంటున్న."

"శ్రవణ్ గారూ, మీ రేడియో సౌండ్ తగ్గించండి. కూ అని మోగుతోంది."

ప్రమోద్ రేడియోకు ఇయర్‌ఫోన్స్ తగిలించాడు. "సార్, ఇంట్ల ఎవరూ లేరని దొంగలకెట్ల తెలుస్తది?"

"మంచిగ అడిగినవ్ తమ్మీ. చప్పుడు లేదంటే ఇల్లు ఖాళీ అన్నట్టు. గందుకే బయటికి పోయేటప్పుడు రేడియో గట్టిగ పెట్టి పోవాలె. ఇంట్ల మనుషులున్నరనుకుంటరు."

"మస్తు థాంక్స్ సార్!"

మూడో అంతస్తుకు నీళ్లని చెప్పి ప్రమోద్ మెట్లెక్కాడు. క్యాన్ మోసేవాణ్ని ఏ వాచ్‌మనూ ఆపడు.

తాళం రెండు నిమిషాల్లో లొంగింది. చెవుల్లో సిద్ధిరాములు మంచి తాళాల గురించే చెబుతున్నాడు. లోపల రెండు గదులు. ఒకదాని తలుపు మూసి ఉంది. తెరిచి ఉన్న గదిలోనే బీరువా కనిపించింది. ఇనుపరాడ్ పెట్టి తిప్పగానే కిర్రుమని అరిచింది.

"ఎవరది?" అని పక్క ఫ్లాటు నుంచి ఎవరో ఆడమనిషి కేకేసింది.

ప్రమోద్‌కు నిపుణుడి సలహా గుర్తొచ్చింది. ఇయర్‌ఫోన్స్ పీకేసి, హాల్లో టేబుల్ మీద రేడియో పెట్టి, సౌండ్ పూర్తిగా పెంచాడు.

"అంకుల్ ఇంట్లనే ఉన్నట్టున్నడు," అని ఆవిడ తలుపేసుకుంది.

పోలీసాయన బుర్రే బుర్ర అనుకుంటూ ప్రమోద్ మళ్లీ బీరువా దగ్గరికెళ్లాడు. హాల్లో రేడియో ఇల్లెగిరిపోయేలా మోగుతోంది.

"హలో, ఎస్.ఆర్. నగర్ నుంచి బద్రున్నీసా. మా హాస్టల్ల రోజూ చెప్పులు పోతున్నయ్ సార్..."

కూ అని మోత.

"బద్రున్నీసా గారూ, మీ రేడియో సౌండ్ తగ్గించండి," అంది హైందవి.

ప్రమోద్ నవ్వుకున్నాడు. పాపం, ప్రతి ఒక్కరికీ ఇదే చెప్పాలి.

"నేను ఎప్పుడో బంద్ చేసిన బేటీ. టీవీ సుత బంద్ చేసిన!"

మోత ఆగలేదు.

"అయితే సిద్ధిరాములు గారూ, ఇది మీ ఫోన్‌లోంచే వస్తున్నట్టుంది. స్టూడియోలో ఏసీ పాడై మిమ్మల్ని ఇంట్లోనే కూర్చోబెట్టాం, ఏమనుకోకండి. మీ రేడియో కాస్త..."

ప్రమోద్ ఒక్క దూకులో హాల్లోకి వచ్చి రేడియో ఆపేశాడు.

రేడియో ఆగింది. సిద్ధిరాములు ఆగలేదు. మూసి ఉన్న తలుపు వెనుక నుంచి, ఏ మైకూ అక్కర్లేనంత స్పష్టంగా వినిపించింది ఆయన గొంతు:

"మా ఇంట్ల రేడియో లేదు కదమ్మా... ఒక్క నిమిషం లైన్ల ఉండు, చూసొస్త."