మూడో పేరు

1913 మార్చి 9, ఆదివారం. పగలు మూడు గంటల పది నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు. తూర్పు నుంచి ఉప్పుగాలి వీస్తోంది. టెక్కలిలో ఆ చిన్న సంగీత పాఠశాల ముందు వేసిన తాటాకు పందిరి ఆ గాలికి గలగలలాడుతోంది.

నాలుగు గంటలకు వార్షిక సభ. జమీందారు గారి దివాను వస్తారు. కృతిరచన నేర్చి పేరు తెచ్చుకున్న శిష్యులు కనీసం ముగ్గురైనా లేకపోతే పాఠశాలకు ఇచ్చిన ఇల్లు ఖాళీ చేయవలసి ఉంటుందని ఆయన ముందే తెలియజేశారు.

గురువు రామూర్తి పంతులుకు ఇద్దరే దొరికారు. ఒకరి వర్ణం బరంపురంలో అచ్చయింది. మరొకరికి ఒక సంస్థానంలో శాలువా దక్కింది. మూడో పేరుకు ఘనతను ఆయన కల్పించాడు. "పూర్వవిద్యార్థి బంగారయ్య రంగూనులో కీర్తనలు రచించి ఆంధ్రుల మన్ననలు పొందుచున్నాడు" అని నివేదికలో చేర్చి, కరపత్రంగా అచ్చు వేయించి, వారం కిందటే చుట్టుపక్కల ఊళ్లకు పంచిపెట్టాడు. సముద్రం అవతలి సంగతి ఎవరు విచారిస్తారు?

ఆ పేరే ఎందుకు తట్టిందో ఆయనకు తెలుసు. నాలుగేళ్ల కిందట బంగారయ్య తన కీర్తనల నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. స్వరమూ సాహిత్యమూ గుండ్రటి అక్షరాలతో పొందికగా ఉన్నాయి. తలకట్లన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. పంతులు మెచ్చుకుని, అందులో ఒక్క పంక్తి అందరి ముందూ పలక మీద రాయమన్నాడు. బంగారయ్య రాయలేకపోయాడు. మరి ఇది ఎవరి రాత అంటే తల వంచుకున్నాడే గాని పేరు చెప్పలేదు. ఇంకొకరి రచన దొంగిలించాడని తేల్చి పంతులు అతన్ని వెళ్లగొట్టాడు. పుస్తకం బీరువాలో ఉండిపోయింది. బంగారయ్య బారువలో రంగూను ఓడ ఎక్కాడు.

పందిరి కిందికి ఇద్దరు వచ్చారు. ముందున్నది బంగారయ్య భార్య పైడితల్లి. వెనుక ఉన్నది అతని అన్న వరహాలు.

"ఓడెక్కి రంగం ఎల్లి కీర్తన్లు కడతన్నాడంట గదా బాబూ మా తమ్ముడు?" అన్నాడు వరహాలు, కరపత్రం మడత విప్పుతూ. "ఈడ ఉన్నన్నాళ్లు కొబ్బరికాయ ఒలవడం సేతకాలేదు."

"తోటలో నువ్వు తీసే కూనిరాగాలు మరెవలు కట్టినవి బావా?" అంది పైడితల్లి.

వరహాలు పంతులు వైపు తిరిగాడు. "మూడేళ్లయి కబురు లేదు బాబూ. మనిషి లేడనే అనుకున్నాం. గాజులు తీయించి దీన్ని పుట్టింటికి అంపేద్దారనుకుంటే ఈ కాయితం వొచ్చింది. మొన్న రంగం నుంచి ఉత్తరమూ వొచ్చింది. కరణం దగ్గరికి రమ్మంటే రాదు. కొంగున ముడేసుకు కూకుంది. గురువుగారే సదవాలంట. ఏటో ఇయ్యాల తేలిపోవాల."

"నాకు అచ్చరం ముక్క రాదు బాబూ," అంది ఆమె. "మా బావకీ రాదు. తమరు సదివితే ఊరు నమ్ముతాది."

ఆమె అందించిన కవరుకు అంటించిన చోట జిగురు ఊడిపోయి ఉంది. సముద్రపు తడి కాబోలు. లోపలి కాగితం రంగూను బియ్యపుమిల్లు మేస్త్రీ రాసినది. కిందటి ఆశ్వయుజంలో కలరా తగిలి బంగారయ్య ఆసుపత్రిలో చనిపోయాడు.

పంతులు దాన్ని మనసులో రెండుసార్లు చదివాడు. వీధి చివర దివాను బండి మువ్వలు వినిపించాయి.

"ఏటుంది బాబూ దాన్లో?"

నిజం చెబితే మూడో పేరు పోతుంది. దానితో పాఠశాల పోతుంది. అబద్ధం అచ్చు వేయించిన గురువుగా తాను మిగులుతాడు. ఆయన ఆలోచన అంతవరకే వెళ్లింది. ఎదురుగా ఉన్న మనిషి గాజులు ఆ క్షణంలో ఆయనకు గుర్తు కూడా రాలేదు. తరువాతి సంవత్సరాల్లో ఆయన్ను ఎక్కువగా సిగ్గుపరచింది అదే.

"క్షేమంగా ఉన్నాడు," అన్నాడు కాగితం మీది నుంచి కళ్లెత్తకుండా. "కొత్త కీర్తనలు కడుతున్నాడట. పని ఒత్తిడిలో ఉత్తరం ఆలస్యమైందట."

"ఇంకోపాలి సెప్పండి బాబూ. మా బావ ఇనాల."

ఆయన మళ్లీ చెప్పాడు.

"ఇన్నావా బావా?"

"ఇన్నాన్లే. సెవిటోడినేటి?"

పైడితల్లి ఏడవలేదు, నవ్వలేదు. ఉత్తరం తీసుకుని కొంగున ముడేసుకుంది. వంగి పంతులు పాదాలు అంటబోయింది. ఆయన చప్పున కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

సభ జరిగింది. మూడో పేరు వినగానే దివాను చప్పట్లు కొట్టారు. పాఠశాల నిలిచింది.

ఆ తరువాత ప్రతి మార్చిలోనూ పైడితల్లి వచ్చి కరపత్రం అడిగి తీసుకుని వెళ్లేది. అందువల్ల ప్రతి ఏటా బంగారయ్యకు ఒక కొత్త కీర్తన కల్పించక తప్పలేదు. ఏమీ తెలియని ఆడమనిషిని మళ్లీ మోసగించానని పంతులు కుమిలేవాడు. గాజుల చప్పుడు వీధి మలుపు దాటేదాకా తలెత్తేవాడు కాదు.

పద్దెనిమిదేళ్లకు, 1931లో, పైడితల్లి పసుపు కుంకుమలతోనే పోయింది, కాగితాలేవో చదివించుకుందామని వరహాలు పంతులు దగ్గరికి తెచ్చిన ఆమె పెట్టెలో ఆ ఉత్తరం ఉంది, దాని వెనుక "పోయిన తిథి ఆశ్వయుజ బహుళ నవమి, నేను చదువుకున్నది మాఘ బహుళ ద్వాదశి, గురువుగారి సభకు నాలుగు రోజుల ముందు" అని, తలకట్లన్నీ ఎడమకు వాలిన గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.