నీడలో పెట్టిన బండి

అమీర్‌పేటలో మనిషికి ఉద్యోగమైనా దొరుకుతుందేమో గాని, బండికి నీడ దొరకదు.

ఆ శనివారం విజయేందర్ సెల్‌ఫోను బాగు చేయించుకుందామని అక్కడికి వచ్చాడు. మూడు గల్లీలు తిరిగితే మోరీ పక్కన కాస్త జాగా దొరికింది. బండి పెట్టి వస్తుంటే నిండిపోయిన పార్కింగు స్థలంలో, అక్కడే ఉద్యోగం చేసే భార్య చంద్రిక స్కూటీ కనబడింది.

రెండు వందల బండ్లు ఎండలో మాడుతున్నాయి. చంద్రిక బండి ఒక్కటే వేపచెట్టు కింద ఉంది.

సీటు కాలకుండా అట్టముక్క వేసి ఉంది. అద్దాలు తుడిచి ఉన్నాయి. సాయంత్రం తిప్పుకునే బాధ లేకుండా ముందు చక్రం రోడ్డు వైపుకు పెట్టి ఉంది.

ఇంత ప్రేమగా ఎవడు పెట్టాడు?

సనత్‌నగర్‌లో ఇంటికి రాగానే అదే అడిగాడు.

నర్సయ్య కాక పెడతాడని, పార్కింగు దగ్గర పని చేస్తాడని చంద్రిక బియ్యం కడుగుతూ చెప్పింది.

"అందరి బండ్లు గట్లనే పెడతడా?"

"ఏమో, నేను చూడలే."

ఆ 'ఏమో' విజయేందర్ గొంతులో ముల్లులా దిగింది.

సోమవారం మధ్యాహ్నం వర్క్‌షాపులో సెలవు పెట్టి, పార్కింగుకు ఎదురుగా టీ కొట్టు దగ్గర కాపు కాశాడు.

నర్సయ్యకు యాభై ఐదేళ్లు ఉంటాయి. బక్కపలచని మనిషి. అనుమానానికి మాత్రం వయసుతో పనిలేదు.

నాలుగింటికి వాన పట్టుకుంది. నర్సయ్య తను కప్పుకున్న ప్లాస్టిక్ పట్టా తీసి స్కూటీ మీద కప్పాడు. తను తడుస్తూ నిలబడ్డాడు.

ఆరింటికి చంద్రిక వచ్చింది. అతను తువ్వాలుతో సీటు తుడిచాడు, స్టాండు తీసి ఇచ్చాడు. ఆమె ఏదో అని నవ్వింది. ఆ నవ్వు విజయేందర్ ఇంట్లో చూసి ఎన్నాళ్లయిందో.

బండి బల్కంపేట వైపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆ మనిషి వానలో అలాగే చూస్తూ నిలబడ్డాడు.

విజయేందర్‌కు ఒళ్లంతా మండింది. నిజం చెప్పాలంటే అది అనుమానం కంటే కుళ్లు. కట్టుకున్నవాడై ఉండి తను ఒక్కనాడు ఆ బండికి గాలి కొట్టించలేదు. ఊరూ పేరూ లేనివాడు దాన్ని దేవుడి సామాను తుడిచినట్టు తుడుస్తున్నాడు.

రోడ్డు దాటి అతని ముందు నిలబడ్డాడు.

"గా స్కూటీ మేడం నా భార్య."

"మంచిది బిడ్డా."

"ఇంకోసారి గా బండి మీద నీ చెయ్యి పడొద్దు."

నర్సయ్య తువ్వాలు పిండుకున్నాడు.

"సరే బిడ్డా. ఎండల పెడితే సీటు పలుగుతది. జర ఏమన్న కప్పమని చెప్పు."

ఆ నెమ్మది చూసి విజయేందర్‌కు ఇంకా మండింది. తిన్నగా పార్కింగు కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లాడు. నీ మనిషి ఆడవాళ్ల బండ్ల చుట్టూ తిరుగుతున్నాడని, తను చూడనిది కూడా కలిపి చెప్పాడు.

"రాజనర్సయ్యనా?" అని కాంట్రాక్టరు నమ్మనట్టే చూశాడు. నమ్మినా నమ్మకపోయినా ఆడవాళ్ల మాట వచ్చాక ఉంచుకోలేడు. మర్నాటికి నర్సయ్య అక్కడ లేడు. ఎటు పోతున్నాడో ఎవరికీ చెప్పలేదు.

విషయం చంద్రికకు తెలిసింది. అరవలేదు, ఏడవలేదు.

"ఆయన ఎన్నడు నా మొఖం దిక్కు సుత చూడలే," అంది.

విజయేందర్ నమ్మలేదు.

రోజూ ఇంట్లో పంచాయితీ కంటే మెట్రో నయమని ఆమె రైలెక్కడం మొదలుపెట్టింది. స్కూటీ ఇంటి ముందు దుమ్ము కొట్టుకుంటూ ఉండిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా వానలో తడుస్తున్న ఆ మనిషే గుర్తొచ్చి విజయేందర్‌కు అన్నం సహించేది కాదు. ఇక లాభం లేదని, కొన్న చోటే అమ్మేశాడు.

పంజాగుట్టలో పాత బండ్ల వ్యాపారం చేసే కామరాజు దాన్ని ఆ సాయంత్రమే ఎవరో కరీంనగర్ మనిషికి అంటగట్టాడు.

వారం తర్వాత చంద్రిక సంతకం పెట్టిన కాగితాలు ఇవ్వడానికి విజయేందర్ వెళ్లాడు. కామరాజు పాత ఫైలు వెతుకుతూ కబుర్లలో పడ్డాడు.

"మీరు నయమండీ, అమ్మి ఊరుకున్నారు. మీ ముందు ఓనరు నన్ను నెల రోజులు తిప్పలు పెట్టాడు. ఎవరు కొన్నారు, ఎక్కడ పెడతారు అని ఒకటే అడగడం. అమీర్‌పేటలో పనిచేసే అమ్మాయని, ఫలానా పార్కింగులో పెడుతుందని చెప్పాకే వదిలాడు."

"బండి మీద అంత పాణమున్నోడు ఎందుకు అమ్మిండు?"

"బండి కళ్ల ముందుంటే వాళ్లావిడ అన్నం ముట్టట్లేదంట."

విజయేందర్ చెయ్యి చాచి ఫైలు తీసుకున్నాడు.

మూడో ఓనరు చంద్రిక. రెండో ఓనరు రాజనర్సయ్య.

ఆ పేరు రెండుసార్లు చదివి, పేజీ తిప్పాడు.

కింద పిన్ను కొట్టిన కాగితం మీద ఇలా టైపు చేసి ఉంది: "మొదటి యజమాని కుమారి సంహిత, వయసు ఇరవై రెండు, మరణించినందున ఈ వాహనం ఆమె వారసుడైన తండ్రి పేరుకు మార్చడమైనది."