గోత్ దొరసాని పెళ్లి

ఆ బుధవారం పొద్దున దీపం పెట్టి, స్తోత్రం ముగించి, డికాక్షన్ దించాను. షామ్‌బర్గ్‌లో మా వీధికి స్కూల్ బస్సు రావడానికి ఇంకా పావుగంట ఉంది. ఇంట్లో చెప్పాల్సిన మాట ఒకటి మూడు నెలలుగా నా గొంతులోనే ఉంది.

చెల్లెలి కూతురు రష్మి హోంవర్క్ కాగితంతో వచ్చింది.

"పెద్దమ్మా, నువ్వు గోత్ దొరసానివి. పదిహేను వందల ఇయర్స్ బ్యాక్ ఇటలీని రూల్ చేసిన తెగ. హస్బెండ్ పోయాడు, చెల్లి ఇంట్లో ఉంటుంది, సేమ్ నీలాగే. మళ్లీ పెళ్లి చేసుకోవాలని ఉంది. ఫ్యామిలీ డిసైడ్ చేసి సైన్ పెట్టాలి."

"మీ అమ్మ ఉందిగా?"

"అమ్మ యాక్ట్ చేయదు. అరుస్తుంది."

సాయంత్రం శాలువా కప్పుకుని, రెండు భుజాల మీదా పిన్నులు పెట్టుకుని సోఫాలో కూర్చున్నాను. గోత్ స్త్రీలు అలాగే పెట్టుకునేవారట.

"ఈ వయసులో పెళ్లేమిటి? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు మరిది, రష్మి నాన్న, ఆ తెగకు పెద్దమనిషిలా గొంతు పెంచి.

చెల్లెలు నిజంగానే అరిచింది. "ఆ నలుగురూ వచ్చి ఆవిడకి కాఫీ పెట్టిస్తారా? తోడు కావాలంటే తప్పేంటండీ? సైన్ చేయండి!"

మరిది నవ్వుతూ సంతకం చేశాడు. చెల్లెలూ చేసింది.

నేను పిన్నులు తీయలేదు.

"అయితే ఆదివారం విశ్వనాథ్ గారిని భోజనానికి పిలుస్తాను," అన్నాను. "గుడిలో ప్రసాదం వడ్డిస్తారు. ఆయనా ఒక్కరే."

సంతకాలు అయిపోయాయి కాబట్టి, పప్పులోకి మామిడికాయా దోసకాయా అన్నదొక్కటే ఇంకా తేల్చుకోవలసి ఉంది. దోసకాయ అని తేలింది.