ఆరు రోజుల రక్తం

"మీ ఆయన తాగి బస్సు నడిపితే మా గాజుగొట్టం ఏం చేస్తుందమ్మా?" ల్యాబ్ ఆఫీసరు విసుగ్గా ఫైలు మూశాడు.

"ఆ రక్తం గొట్టం మీ దగ్గరికి ఏ రోజు వచ్చిందో, ఏ రోజు పరీక్ష చేశారో రాసివ్వండి, చాలు," అంది బేకరీ ఆవిడ.

"రిపోర్టులో అంకె ఉంది కదా. హద్దుకి రెండింతలు. ఇంకేం కావాలి?"

"ఆ అంకె ఎలా వచ్చిందో కావాలి."

ఆమె ఆ గదికి రావడం ఇది నాలుగోసారి. మొదటిసారి భోజనానికి వెళ్ళారన్నారు, రెండోసారి సెలవన్నారు, మూడోసారి అర్జీ పెట్టుకోమన్నారు. పెట్టుకుంది. ముద్ర పడిన నకలు ఇప్పుడు బల్లమీద పరిచింది. ఆఫీసరు కాగితాన్ని చూసి, ఆమెను చూసి, ఈవిడ ఇక కదలదని అర్థమై రిజిస్టరు తెప్పించాడు.

రక్తం తీసిన ఆరో రోజున పరీక్ష చేశారు.

"ఈ ఆరు రోజులూ ఎక్కడుందండీ?"

"ఫ్రిజ్‌లో."

"అది పనిచేస్తోందా అప్పుడు?"

"పనిచెయ్యక?" అన్నాడు గాని, ఆ గొంతులో ఇందాకటి బిగువు లేదు.

ఈ అనుమానం ఆమెకు ఊరికే పుట్టలేదు. పోయిన నెల బేకరీ ఫ్రిజ్ మొరాయిస్తే, బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్ మాటల్లో మాటగా అన్నాడు, ల్యాబ్‌లో ఫ్రిజ్ కూడా వరుస సెలవుల్లో చచ్చి పడుందని, ఐదో రోజు తనే వెళ్ళి కంప్రెసర్ మార్చానని. ఏ తారీఖని అడిగింది. అతను ఫోన్‌లో చూసి చెప్పాడు. డ్రైవరు రక్తం తీసిన వారమే. ఆ మధ్యాహ్నమే, బయట మర్చిపోయిన రొట్టెపిండి గిన్నె దాటి పొంగింది. గుప్పున సారా వాసన. పాతికేళ్ళుగా ఎరిగిన వాసనే, కానీ ఆ రోజు ఆమె చేతులు పిండిలోనే ఆగిపోయాయి. వేడి తగిలి, తీపిలో ఈస్టు పడితే సారా దానంతటదే పుడుతుంది. రక్తంలోనూ తీపి ఉంటుంది కదా!

మర్నాడే జైలుకు వెళ్ళింది.

రెండు నెలల కిందట, పట్టపగలు, డ్రైవరు నడుపుతున్న బస్సు కూడలిలో ఆగకుండా దూసుకుపోయి, సైకిల్ మీద వెళ్తున్న పదిహేడేళ్ళ అమ్మాయిని పొట్టన పెట్టుకుంది. జనం అతన్ని చితకబాదారు. ఆసుపత్రిలో రక్తం తీశారు. రిపోర్టు రాగానే ఇక తేలాల్సిందేమీ లేదనుకున్నారంతా.

కమ్మీల అవతల డ్రైవరు తల ఎత్తలేదు.

"తాగావా?" అంది.

"లేదు."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

అతను చూశాడు. "చుక్క ముట్టలేదు. బ్రేకు కిందికంటా పోతోందని మూడుసార్లు చెప్పాను. ఓనరు, ఈ వారం నడిపెయ్యి, తర్వాత చూద్దామన్నాడు. తాగి నడిపాడన్నాక ఇంక ఆ బ్రేకు ఎవరు చూస్తారు?"

నిజమే. బస్సు పోలీసుల ఆవరణలో అలాగే ఉంది. ఒక్కరూ విప్పి చూడలేదు.

తమ్ముడికి ఈ తిరుగుడు అసలు నచ్చలేదు. కొట్టు కట్టేసే వేళకి వచ్చి కూర్చున్నాడు.

"నలుగురూ ఏమంటున్నారో తెలుసా అక్కా? మనింటి వాళ్ళే మొహం చాటేస్తున్నారు. ఒక ప్రాణం పోయింది. ఎవరో ఒకరు శిక్ష పడి లోపలుండాలా వద్దా?"

"ఎవరో ఒకరు కాదురా," అంది ఆమె, బల్ల తుడుస్తూ. "చేసినవాడు."

తమ్ముడు లేచి, ఆమె చేతిలో గుడ్డ తీసుకుని మిగతా బల్ల తుడిచాడు.

డ్రైవరుకి కోర్టు పెట్టిన లాయరమ్మ చిన్నపిల్ల. బేకరీ ఆవిడ తెచ్చిన తారీఖులు చూడగానే కుర్చీలో నిటారుగా కూర్చుంది. "గొట్టంలో పొడి వేశారో లేదో కూడా అడుగుదామండీ," అంది. వాయిదా రోజు ల్యాబ్ ఆఫీసరు బోనెక్కాడు.

"రక్తం పులియకుండా గొట్టంలో ఒక పొడి వెయ్యాలి. మీకొచ్చిన దాంట్లో ఉందా?" అంది లాయరమ్మ.

"అది ఆసుపత్రి వాళ్ళు వెయ్యాలండి."

"ఉందా, లేదా?"

"లేదు."

"ఫ్రిజ్ సంగతి?"

ఆఫీసరు ఓసారి జనంలో కూర్చున్న బేకరీ ఆవిడ వైపు చూశాడు. "ఐదు రోజులు పనిచెయ్యలేదు."

"అయితే ఆ సారా అతను తాగిందో, గొట్టంలో పుట్టిందో చెప్పగలరా?"

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అబద్ధమాడి తప్పించుకోవచ్చు. ఆడలేదు.

"చెప్పలేనండి."

జడ్జి ఆ రిపోర్టును పక్కన పెట్టేశారు. ఇంజనీరు చేత బస్సు విప్పించి చూడమన్నారు. ఓనరుకి సమన్లు పంపమన్నారు. డ్రైవరుకి బెయిలిచ్చారు. అతను బోనులోనే కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

బేకరీ ఆవిడ అతని దగ్గరికి వెళ్ళలేదు. సంచీ భుజాన వేసుకుని వరండాలోకి వచ్చేసింది. వెనకే ల్యాబ్ ఆఫీసరు గబగబా వచ్చాడు.

"అమ్మా, ఆ రోజు మీతో దురుసుగా మాట్లాడాను. మనసులో పెట్టుకోకండి."

"మీరు నిజం చెప్పారు. అది చాలండి."

"మీ ఆయన అదృష్టవంతుడు. మీలాంటి భార్య దొరకడం..."

"ఆయన నాకేమీ కాడండి."

ఆఫీసరు తెల్లబోయాడు. "మరి ఇన్నాళ్ళూ ఇంత ఎందుకు తిరిగారు? అతను మీకెవరు?"

ఆమె మెట్ల దగ్గర ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ సైకిల్ మీద ఉన్నది నా కూతురు."